గూగీ ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’: కథను వరసగా చెబితే ఏం పోయేది?

శ్రావణమేఘం:

అందరికీ నమస్కారం. ఎమ్మే ఇంగ్లిష్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కెన్యా రచయిత గూగీ వా థియోంగో పేరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆయన నవల ఒకదాన్ని వరవరరావు గారు జైల్లో ఉండి తెలుగు చేసిన ‘మట్టికాళ్ల మహారాక్షసి’ మా నాన్న అలమరలో ఉండేది, కానీ నేను ఎప్పుడూ తెరవలేదు. 2025 మే 28న గూగీ చనిపోయారని పేపర్లో చూసినప్పుడు ఇంక వాయిదా వేయకూడదనిపించింది. సిలబస్‌లో ఎలాగూ ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ ఉంది కాబట్టి నోట్సులతో సరిపెట్టకుండా మొత్తం నవల చదివాను. మొన్ననే పూర్తయింది. ఇక ముందు కథంతా బయటపెట్టేస్తున్నాను, చదవబోయేవాళ్లు ఇక్కడ ఆగండి.

పుస్తకం నన్ను గట్టిగా పట్టుకుంది. కానీ చదువుతున్నంతసేపూ ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియక చాలా తికమక పడ్డాను. అసలు కథ నడిచేది 1963 డిసెంబర్ 12కి, అంటే కెన్యాకి ఉహురూ (స్వాతంత్ర్యం) వచ్చిన రోజుకి, ముందు నాలుగైదు రోజులు. ఊరు థాబాయి. బ్రిటిష్ వాళ్లు ఉరితీసిన ఉద్యమకారుడు కిహికా పేరు మీద ఆ రోజు పెద్ద సభ పెట్టాలని, అందులో ముగో మాట్లాడాలని ఊళ్లోవాళ్లు అతని గుడిసెకి వచ్చి అడుగుతారు. అంతే, అక్కడి నుంచి కథ ముందుకు కదలనంటుంది. ఊళ్లో గికోన్యో అనే అతను వచ్చి బ్రిటిష్ వాళ్ల నిర్బంధ క్యాంపులో గడిపిన రోజులు చెప్పుకుంటాడు, ఆ క్యాంపు కథ లోపల మళ్లీ పెళ్లికి ముందు సంగతులు, రైలు చూడ్డానికి కరాంజాతో పోటీపడి పరుగెత్తిన రోజు, అదే రోజు గురించి ఇంకొకరి జ్ఞాపకం. తర్వాత అతని భార్య ముంబీ వచ్చి ఆ సంవత్సరాలనే తన వైపు నుంచి చెబుతుంది. మధ్యలో బ్రిటిష్ అధికారి థాంప్సన్ దొర రాసుకున్న కాగితాలు. నేను వెనక అట్ట లోపలి వైపు పెన్సిలుతో సంవత్సరాలు వేసుకుంటూ చదవాల్సి వచ్చింది.

ఆ లిస్టు పూర్తయ్యాక చూస్తే కథ చాలా చిన్నది. ముగో అనే ఒంటరి మనిషి కిహికాను పట్టించాడు, ఆ సంగతి తెలియక ఊరు అతన్నే వీరుడిగా కొలిచింది, చివరికి అతనే అందరి ముందూ ఒప్పుకున్నాడు. మరి దీన్ని ఈ వరసలోనే చెబితే ఏం పోయేది? క్లాసులో చెప్పింది రెండే ముక్కలు. ఇది మోడర్నిస్టు పద్ధతి, ఇంగ్లిష్ నవలాకారుడు కాన్రాడ్ ప్రభావం ఉంది అన్నది ఒకటి. ఆఫ్రికన్ల దృష్టిలో కాలం వలయంలా తిరుగుతుంది, అందుకే కథ కూడా అలా తిరుగుతుంది అన్నది రెండోది. మొదటిది నిజమే కావచ్చు, అయితే ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెబుతుంది తప్ప ఎందుకు వాడుకున్నాడో చెప్పదు. రెండోది నాకు అసలు మింగుడు పడలేదు. పరీక్షకి ఆ రెండు ముక్కలు చాలు, నాకు మాత్రం చాలడం లేదు. చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాతపుస్తకం:

శ్రావణమేఘం గారూ, అట్ట లోపల రాసుకున్న ఆ లిస్టును చెరపకండి. దాని పక్కనే ఇంకో లిస్టు రాయండి, ఏ సంగతి చదివేవాళ్లకి ఎప్పుడు తెలిసింది అని. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే కనిపిస్తుంది. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఈ నవల చెప్పాను, మొదటి క్లాసులో పిల్లలతో చేయించింది ఇదే పని.

వరసగా చెప్పారనుకుందాం. కిహికా ఒక అధికారిని కాల్చి చంపి రాత్రిపూట ముగో గుడిసెలో దూరతాడు. తనకి ఎవరూ లేరు, ఎవరి జోలికీ పోను, నా చెలక నేను చేసుకుంటాను అనుకుంటూ బతుకుతున్న మనిషిని బ్రిటిష్ వాళ్ల మీద నడుస్తున్న ఉద్యమంలోకి రమ్మంటాడు. ముగో భయంతో, కోపంతో నలిగిపోయి చివరికి థాంప్సన్ ఆఫీసుకి వెళ్లి కిహికా ఎక్కడికి వస్తాడో చెప్పేస్తాడు. ఇది ముందే చూసేశాం కాబట్టి ఆ తర్వాత ముగో ఏం చేసినా మనకు ద్రోహి చేసిన పనిలాగే కనిపిస్తుంది. కందకం తవ్వే చోట ఒక ఆడమనిషిని చావగొడుతుంటే అడ్డం పడ్డాడు, ఓహో పాపం కడుక్కుంటున్నాడు అనుకుంటాం. రీరా క్యాంపులో ఎన్ని దెబ్బలు కొట్టినా నోరు విప్పలేదు, అదీ అంతే అనుకుంటాం. ఇక మిగిలేది ఎప్పుడు దొరుకుతాడా అన్న కుతూహలం ఒక్కటే, డిటెక్టివ్ నవల్లో లాగా.

గూగీ పెట్టిన వరసలో మనకు ముందు తెలిసేది ఊరికి తెలిసినదే. కందకం దగ్గర అడ్డం పడ్డ మనిషి, క్యాంపులో నోరు విప్పని మనిషి, ఊళ్లో ఆడవాళ్లు పాటలు కట్టిన మనిషి. మనం కూడా ఆ పాటల్లో చేరిపోతాం. అందుకే నిజం తెలిసినప్పుడు దొంగ దొరికాడన్న తృప్తి కలగదు. మనం ఎవరిని ఎందుకు వీరుడని ఒప్పుకున్నామో ఒకసారి ఆగి చూసుకోవాల్సి వస్తుంది.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది ఇంకోటి ఉంది. ముగో చేసింది పూర్తిగా తెలిసేలోపు మనం ఇద్దరు ముగ్గురి తప్పులు విని ఉంటాం. గికోన్యో ఉద్యమం కోసం తీసుకున్న ప్రమాణాన్ని క్యాంపులో బయటపెట్టాడు, ముంబీ దగ్గరికి వెళ్లాలన్న ఒక్క ఆశతో, ఆ ఒప్పుకున్న రోజు సిమెంటు గచ్చు మీద వినబడ్డ అడుగుల చప్పుడు బయటికొచ్చాక కూడా అతని చెవుల్లోంచి పోలేదు. ముంబీ ఆరేళ్లు ఎదురుచూసింది, భర్త బతికే ఉన్నాడు, వస్తున్నాడు అని కరాంజా వచ్చి చెప్పిన ఆ క్షణంలో ఏమైందో ఆమెకే సరిగ్గా చెప్పడానికి రాదు. కరాంజా తెల్లవాళ్ల వైపు చేరి ఊరిమీద పెత్తనం చేశాడు. ఈ మనుషుల్ని ఒక్కొక్కరిగా వింటూ, వాళ్ల పరిస్థితుల్లో మనమైతే ఏం చేసేవాళ్లమో అనుకుంటూ వచ్చాం కాబట్టి ముగో దగ్గరికి వచ్చేసరికి అతన్ని ఒక్కణ్ణే వేరుగా నిలబెట్టి రాయి విసరడం కష్టమైపోతుంది. వరస మార్చితే ఈ తీర్పు మారిపోతుంది. అందరి కంటే ముందు ముగో తప్పు చెప్పి ఉంటే మిగతావాళ్లవి చిన్న తప్పుల్లా కనిపించేవి, ద్రోహం అంతా ఒక్కడి నెత్తిన పెట్టి ఊరు చేతులు దులుపుకునేది. పైగా గికోన్యో, ముంబీ ఇద్దరూ తమ గుండెలోది చెప్పుకోవడానికి ఎంచుకున్నది ముగోనే!

వలయం సంగతి. మీకు మింగుడు పడకపోవడం సరైనదే. ఈ నవల్లో జనం కేలండరు మీదే బతుకుతున్నారు. కెన్యాలో బ్రిటిష్ వాళ్లు ఎమర్జెన్సీ పెట్టింది 1952 అక్టోబర్ 20న, గికోన్యో దూరంగా ఉన్నది ఆరేళ్లు, ఉహురూ డిసెంబర్ 12న. ఇవన్నీ నేరుగా సాగే కాలమే. మరి కథ ఎందుకు వెనక్కి పోతుందంటే, ఒకసారి గమనించి చూడండి, ఎవరో ఒకరు ఎవరికీ చెప్పుకోని సంగతి ఉన్న చోటల్లా వెనక్కి తిరుగుతుంది, అది చెప్పుకున్నాక రెండడుగులు ముందుకు వేస్తుంది. దీనికి ఆఫ్రికా ఆత్మ, వలయం లాంటి పెద్ద మాటలు అక్కర్లేదు. చెప్పుకునే పరిస్థితి లేని పదేళ్లు గడిపిన ఊరు అది.

గూగీ సొంత అనుభవం ఒకటి ఇక్కడ చెప్పాలి. 1955లో ఆయన అలయన్స్ హైస్కూల్లో చేరాడు. మొదటి టర్మ్ అయ్యాక సెలవులకి ఇంటికి వస్తే ఊరే లేదు. ఇళ్లన్నీ కూల్చేసి జనాన్ని పహారా ఉన్న కొత్త ఊళ్లలోకి తోలారు. గికోన్యో ఆరేళ్ల తర్వాత తిరిగొచ్చే ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ స్కూలు పిల్లాడే గుర్తొస్తాడు. తాను లేనన్నాళ్లూ ఇంటి దగ్గర కాలం ఆగిపోయి ఉంటుందని గికోన్యో నమ్మాడు, ఆ నమ్మకమే అతన్ని బతికించింది. గుమ్మంలో ముంబీ వీపున ఇంకొకరి బిడ్డ కనిపించేసరికి ఆరేళ్లూ ఒక్కసారిగా మీద పడ్డాయి.

నల్లరేగడి:

పాతపుస్తకం గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను కానీ ఒక్కచోట పేచీ ఉంది. “మనం కూడా ఆ పాటల్లో చేరిపోతాం” అన్నారు. నేను చేరలేదండి. మూడుసార్లు చదివాను, మొదటిసారి కూడా చేరలేదు.

మొదటి పేజీ ఒకసారి తీయండి. ముగో వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తుంటాడు. ఒక నీటి చుక్క పైకప్పుకి పట్టిన మసిని పూసుకుంటూ సరిగ్గా అతని కంటి మీదికి దిగుతుంటుంది, పక్కకి జరుగుదామంటే ఒళ్లు కదలదు. అది కల. కానీ ఆ కలతో నవల మొదలుపెట్టిన రచయిత ఈ మనిషి లోపల ఏదో ఉందని మనకు ముందే చెప్పేశాడు. తర్వాత ఊరివాళ్లు వచ్చి కిహికా పేరెత్తగానే ముగో వాలకం ఎలా మారుతుందో చూడండి. కిహికాను ఎవరు పట్టించారో తేల్చాలని అడవిలో ఉండి పోరాడి వచ్చిన జనరల్ ఆర్. మాట తీస్తాడు, వాళ్లందరి అనుమానం కరాంజా మీద. ముగో మాత్రం ఆ మాటలు వింటూ బిగుసుకుపోతాడు. ఊరికి ఏమీ తెలియదు. మనకు సగం తెలుసు.

ఆ సగం తెలియడమే ఇందులో అసలు పట్టు అని నా అభిప్రాయం. గికోన్యో తన గోడు చెప్పుకుంటున్నప్పుడు నా కళ్లు గికోన్యో మీద లేవు, వింటున్న ముగో మీద ఉన్నాయి. ముంబీ తన అన్న కిహికా గురించి ముగోతోనే మాట్లాడుతుంటే (కిహికా ముంబీకి సొంత అన్న అన్న సంగతి మర్చిపోకండి) పుస్తకం పక్కన పెట్టేయాలనిపించేంత టెన్షన్ వచ్చింది. మోసపోయిన పాఠకుడికి ఈ బాధ ఉండదు. కాబట్టి గూగీ మన దగ్గర దాచింది రహస్యాన్ని కాదండి, అతను ఎందుకు చేశాడన్న కారణాన్ని.

ఇంకొకటి. కథ చెప్పే గొంతు చాలాచోట్ల బయటి మనిషిలా చెబుతూ చెబుతూ ఉహురూ రోజు దగ్గరికి వచ్చేసరికి “మేము” అయిపోతుంది. మేము ఆ రాత్రి వానలో పాడుకుంటూ తిరిగాం, మేము సభకి వెళ్లాం అని. అంటే ఈ కథ చెబుతున్నది ఆ ఊరి మనిషే, అంతా అయిపోయాక చెబుతున్నాడు, చివర ఏం జరిగిందో తెలిసే చెబుతున్నాడు. తెలిసి కూడా ముగోను ముందే దోషి అనలేదు. ఊరి పెద్దమనిషి అరుగు మీద కూర్చుని ఒక కుటుంబం గురించి చెప్పేటప్పుడు అలాగే చెబుతాడు, ముందు మనిషిని చూపించి, తర్వాత చేసిన పని.

మానేరు:

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు, బ్యాంకులో పని చేస్తాను. గూగీ నవలలు వరసగా చదివాను. ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెప్తా.

గికోన్యో ఇంకో ఐదుగురితో కలిసి బర్టన్ దొర పొలం కొందామనుకుంటాడు. లోను కోసం నైరోబీ వెళ్లి వాళ్ల ఎంపీని కలుస్తాడు. గంటలకొద్దీ కూర్చోబెట్టి, చూద్దాం, ప్రయత్నం చేస్తున్నా అని పంపిస్తాడు ఆ ఎంపీ. తీరా చూస్తే ఆ పొలం ఎంపీయే కొనుక్కున్నాడు. ఇది స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకి జరిగితే ఎవరైనా రాస్తారు. గూగీ దీన్ని జెండా ఎగరడానికి ముందు రోజుల్లో పెట్టాడు! నవల అచ్చయింది 1967లో, అంటే స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు కాలేదు. నవల అంతా డిసెంబర్ 12 వైపు నడుస్తున్నట్టు ఉంటుంది, ఆ రోజుకి చేరేలోపే ఆ రోజు ఎవరిదో తేలిపోయింది. ఆ పేజీలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది కరీంనగర్ వైపు. స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది అంటే స్కూల్లో 1947 ఆగస్టు 15 అని రాసేవాళ్లం, ఇంట్లో ఆ తారీఖుకి ఏ కథా లేదు. నిజాం రాజ్యం ఇండియాలో కలిసింది 1948 సెప్టెంబర్ 17న. అయినా దాంతో అయిపోయిందా అంటే లేదు, తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో, ఆ మూడేళ్లలో జైళ్లకి పోయినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో. మా నానమ్మ ఎప్పుడూ సంవత్సరం చెప్పేది కాదు. “రజాకార్ల నాడు”, “పోలీస్ యాక్షన్ అయిన ఏడు”, “కమ్యూనిస్టులు రాత్రిపూట వచ్చినప్పుడు”. చిన్నప్పుడు ఒకసారి, స్వతంత్రం వచ్చిననాడు నువ్వేం చేసినవ్ నానమ్మా అని అడిగితే, “ఏ స్వతంత్రం బిడ్డా?” అని నన్నే అడిగింది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఆమె కథ కూడా ఎప్పుడూ మొదటి నుంచి చెప్పేది కాదు. ఇంటెనక బావి దగ్గర మొదలుపెట్టేది, అక్కడి నుంచి వాళ్ల తమ్ముడు ఊరొదిలి పోయిన రాత్రికి, అక్కడి నుంచి తన పెళ్లికి, మళ్లీ బావి దగ్గరికి. ఆ బావి దగ్గర ఏదో ఉంది, అక్కడికి వచ్చేసరికి మాట మార్చేది. అది ఏమిటో నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, అందులో ఉన్న ఒక చుట్టం పోయాక. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు. ఎవరి పేరు ఎవరికి తగులుతుందో చూసుకుని చెప్పాలి కదా, ఊళ్లో అందరూ చుట్టాలే. అందుకే థాబాయి కథ అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు. ఇంట్లో విన్నట్టే ఉంది.

దూరతీరం:

ఇంగ్లండ్‌లో ఉంటాను. ఈ నవలను గూగీ రాసింది లీడ్స్ యూనివర్సిటీలో చదువుకుంటున్నప్పుడు, మా ఊరికి దగ్గరే. దానివల్లే మొదట చదివాను, కానీ నేను చెప్పాలనుకున్నది వేరే సంగతి.

మానేరు గారు నానమ్మ ఏళ్ల తరబడి చెప్పలేదన్నారు. కెన్యా విషయంలో అలా చెప్పకుండా ఉన్నది ఇక్కడి ప్రభుత్వం. స్వాతంత్ర్యం ఇచ్చే ముందు ఎమర్జెన్సీ నాటి ఫైళ్లలో కొన్నింటిని తగలబెట్టారు, కొన్నింటిని విమానాల్లో ఇక్కడికి తెచ్చి దాచారు. అవి హాన్‌స్లోప్ పార్క్ అనే చోట దశాబ్దాల పాటు పడి ఉన్నాయి, అసలు ఉన్నాయన్న సంగతే బయటికి రాలేదు. క్యాంపుల్లో చిత్రహింసలు పడ్డ కొందరు కెన్యా వృద్ధులు లండన్ హైకోర్టులో కేసు వేస్తే, ఆ కేసు వల్ల 2011లో ఆ ఫైళ్ల సంగతి ఒప్పుకోక తప్పలేదు. వెతికితే ఒక్క కెన్యావే కాదు, 37 పాత వలస రాజ్యాలకు చెందిన 8,800 ఫైళ్లు బయటపడ్డాయి. 2013 జూన్‌లో ప్రభుత్వం పార్లమెంటులో విచారం ప్రకటించి 5,228 మందికి కలిపి 1 కోటి 99 లక్షల పౌండ్లు ఇస్తామంది. ఎమర్జెన్సీ మొదలైంది 1952లో. లెక్క వేసుకోండి, అరవై ఏళ్లు.

రీరా క్యాంపు కల్పితం కావచ్చు, 1959 మార్చి 3న హోలా క్యాంపులో 11 మంది ఖైదీలను కొట్టి చంపింది కల్పితం కాదు. ముందు వాళ్లు తాగిన నీళ్ల వల్ల చనిపోయారని ప్రకటించారు. తర్వాత నిజం వచ్చింది. నిజం ఎప్పుడూ తర్వాతే వచ్చిన చరిత్ర అది. శ్రావణమేఘం గారు అడిగినట్టు ఈ కథను జరిగిన వరసలో చెప్పాలంటే చెప్పేవాడికి అన్నీ ముందే తెలిసి ఉండాలి కదా. ఆ దేశంలో ఎవరికి తెలుసు? ఊళ్లో ప్రతివాడి దగ్గరా ఒక ముక్క ఉంది, మిగతా ముక్కలు తాళం వేసిన గదిలో ఉన్నాయి. 1967లో గూగీకి ఆ గది సంగతి తెలిసే అవకాశం లేదు. అయినా నవలను మాత్రం అలాగే కట్టాడు, ప్రతి ముక్కా ఆలస్యంగా, అదీ ఎవరో ఒకరు ధైర్యం చేసి నోరు విప్పితేనే అందేలాగా. నాకు ఒళ్లు జలదరించింది ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు.

పాతపుస్తకం:

నల్లరేగడి గారూ, మీరు చెప్పింది సరే. “చేరిపోతాం” అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొదటిసారి చదివింది ఎప్పుడో ఇరవై ఏళ్ల వయసులో, అప్పటి అనుభవాన్ని అందరిదీ అనుకున్నాను. సగం తెలియడం అన్న మాట బాగుంది. క్లాసులో ఉన్నప్పుడు ఈ మాట దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

దూరతీరం గారి ఫైళ్ల మాట వల్ల నైజీరియా రచయిత అచెబె గుర్తొచ్చాడు. ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ 1958లో వచ్చింది, అందులో గూగీలాగా వెనక్కీ ముందుకీ తిరగడం ఎక్కువ ఉండదు, కాలం దాదాపు నేరుగానే సాగుతుంది. అయినా అక్కడ కూడా కాలంతోనే అర్థం చెప్పాడు. మొత్తం 25 అధ్యాయాల్లో మొదటి 13 అధ్యాయాలు ఊళ్లో మామూలు బతుకు మీదే, యామ్ దుంపలు నాటడం, కుస్తీలు, పెళ్లి బేరాలు, నాలుగు రోజుల వారం, తెల్లవాడు అంతసేపూ ఎక్కడో దూరాన వినబడే వదంతి. తర్వాత కథానాయకుడు ఓకోంక్వో ఏడేళ్ల ప్రవాసం ఆరు అధ్యాయాల్లో గడిచిపోతుంది. చివరి పేజీలో జిల్లా కమిషనర్ వచ్చి, తాను రాయబోయే పుస్తకంలో ఈ మనిషి గురించి ఒక పేరా రాయొచ్చు అనుకుంటాడు. పుస్తకమంతా మనం గడిపిన జీవితం ఆయనకి ఒక పేరా! ఎవరి కాలానికి ఎంత చోటు ఇవ్వాలో నిర్ణయించేది ఎవరు అన్నదే అక్కడ తగాదా. గూగీ నవల్లో థాంప్సన్ కూడా ‘ప్రాస్పెరో ఇన్ ఆఫ్రికా’ అని ఒక పుస్తకం రాద్దామని నోట్సు పోగేసుకుంటాడు, మనకు కొన్ని ముక్కలే చూపించి వదిలేస్తాడు గూగీ. కమిషనర్ ఓకోంక్వోకి ఇచ్చినంత చోటే థాంప్సన్‌కి దక్కింది.

శ్రావణమేఘం గారూ, సెమినార్ పేపర్ ఏదైనా రాస్తుంటే అచెబెను కూడా పెట్టుకోండి. కాలం నేరుగా నడిచినా ఈ పని చేయొచ్చని చూపిస్తే వెనక్కి తిరగడం గురించి మీరు చెప్పేదానికి బలం వస్తుంది.

శ్రావణమేఘం:

ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని పాతపుస్తకం సార్ చెప్పిన రెండో లిస్టు రాశాను. మీరంతా చెప్పినవి ఒక్కొక్కటీ కనిపించాయి, నాకు ఇంకో రెండు కూడా దొరికాయి.

ఒకటి, అసలు స్వాతంత్ర్యం వచ్చిన క్షణం. అర్ధరాత్రికి ఒక నిమిషం ముందు నైరోబీ స్టేడియంలో దీపాలన్నీ ఆర్పేస్తారు, చీకట్లో బ్రిటిష్ జెండా దించుతారు, మళ్లీ దీపాలు వెలిగేసరికి కెన్యా జెండా ఎగురుతుంటుంది. దీనికి నవల్లో ఇచ్చింది కొన్ని వాక్యాలే, అక్కడ మన ఊరి మనుషులు ఒక్కరూ లేరు. అదే పొద్దున ఊళ్లో జరిగిన పరుగు పందానికి మాత్రం పేజీలు ఇచ్చాడు. గికోన్యో, కరాంజా ముసలితనానికి దగ్గరపడకపోయినా కుర్రాళ్లు కూడా కాదు, ఎప్పుడో రైలు కోసం పరుగెత్తిన రోజునే మళ్లీ పరుగెత్తుతున్నట్టు పరుగెత్తి, ఒకరికొకరు తగులుకుని పడి, గికోన్యో చెయ్యి విరుగుతుంది. ఆ పాత పందెం ముందే చదివి ఉండకపోతే ఇది ఏదో ఆటల పోటీలో ప్రమాదంలా ఉండేది. నేను మొదటిసారి చదివినప్పుడు రెండింటినీ కలుపుకోలేదు, వరస అర్థం కాలేదని విసుక్కుంటూ ఉన్నానేమో.

రెండోది చివర ఆస్పత్రిలో. చెయ్యి విరిగి పడుకున్న గికోన్యో, వచ్చి ఇల్లు చూసుకుంటావా అని ముంబీని అడుగుతాడు. ఆమె వెంటనే సరే అనదు. జరిగింది ఒక్క మాటతో దాటేసేది కాదని, కూర్చుని మాట్లాడుకోవాలని అంటుంది. పిల్లాడికి ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు వెళ్లాలి అని లేస్తుంది. ఆ పిల్లాడు కరాంజా బిడ్డే. ఆమె వెళ్లాక గికోన్యో తాను చెక్కబోయే పీట గురించి ఆలోచిస్తాడు, ఎప్పుడో క్యాంపులో ఉండగా ముంబీకి పెళ్లి కానుకగా ఇద్దామనుకుని అలాగే ఉండిపోయిన పీట, దాని మీద ఆడమనిషి బొమ్మను కడుపుతో ఉన్నట్టు చెక్కాలని అనుకుంటాడు. నేను మొదట దీన్ని మామూలు సుఖాంతం అనుకున్నాను, కాస్త నిరాశ కూడా పడ్డాను. మళ్లీ చదివితే ముంబీ ఏ మాటా ఇవ్వలేదు, సమయం అడిగింది అంతే. అంతసేపూ వెనక్కి వెనక్కి పోయిన నవలలో ఆమెకి ఆ సమయం ఇవ్వడం నాకు ఇప్పుడు చాలా నచ్చింది.

సెమినార్ పేపర్ ఈ ఆస్పత్రి సీన్ నుంచే మొదలుపెడుతున్నాను, అచెబెను కూడా పెట్టుకుంటాను సార్.

మానేరు గారూ, మీకు ఇబ్బంది లేకపోతేనే, ఆ బావి సంగతి నానమ్మ చివరికి ఎవరికి చెప్పారు, మీకేనా? చెప్పేటప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టారు?